అటు వడ్డీ, ఇటు పడవ

"కత్తెరతో కోసేస్తే అప్పు తెగిపోద్దా లక్ష్మీ?"

పాల ప్యాకెట్ చేత పట్టుకుని ధనరాజు గుమ్మంలోనే ఆగిపోయాడు.

వంటగది గట్టు మీద క్రెడిట్ కార్డు రెండు ముక్కలై పడి ఉంది. పక్కన రొయ్యలు ఒలిచే కత్తెర. శ్రీలక్ష్మి వాటి వైపు చూడకుండా టిఫిన్ డబ్బాకి మూత బిగిస్తోంది. మూత ఒక పట్టాన పడటం లేదు.

"తెగదని నాకూ తెలుసు. ఇంకో రూపాయి దాని మీదకి ఎక్కదు కదా. అది చాలు."

"ఎక్కుద్ది. వడ్డీ ఎక్కుద్ది."

ఆ మాట అనకుండా ఉండాల్సిందని అతనికే తోచింది కాబోలు, పాల ప్యాకెట్ గట్టు మీద పెట్టి పక్కకి తిరిగాడు.

నిన్నటి నుంచి శ్రీలక్ష్మికి అన్నం సహించడం లేదు. బాకీ వసూలు వాళ్లు ఇన్నాళ్లూ ఆమె సెల్‌కి చేసేవాళ్లు. నిన్న మధ్యాహ్నం ఏకంగా బడికే చేశారు. హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ ఎత్తి, ఐదో తరగతి దాకా నడిచి వచ్చి, "మీకేదో బ్యాంకు నుంచట" అంది. గొంతు తగ్గించే అంది. ఆ తగ్గించడంలోనే అంతా ఉంది.

"కార్డు నా పేరు మీదుంది. ఇంజన్ మీ పడవకుంది. ఫోన్ మాత్రం మా బడికొస్తుంది. ఇదెక్కడి న్యాయమండీ?"

"నిన్నడక్కుండా గీకానా?"

"అడిగారు. సీజన్ అయ్యేసరికి తీర్చేస్తానన్నారు."

"సీజన్ అలాగ పోద్దని నాకేటి తెలుసు? గాలివాన నేను పిలిచానా?"

పిలవలేదు. అదీ నిజమే. దీవులు చూడవచ్చిన టూరిస్టులు జెట్టీ నిండా ఉన్న రోజుల్లో, వాళ్లను తిప్పే ధనరాజు పడవ పాత ఇంజన్ సముద్రం మధ్యలో మొరాయించింది. వేరే పడవ వచ్చి తాడేసి లాక్కురావలసి వచ్చింది. కొత్త ఇంజన్‌కి చేతిలో డబ్బు లేదు. ప్రభుత్వ టీచరని శ్రీలక్ష్మికి బ్యాంకు వాళ్లు ఇంటికి పంపిన కార్డు బీరువాలో ఊరికే ఉంది. దుకాణంలో ఒక్కసారి గీస్తే ఇంజన్ వచ్చింది. ఆ తరువాత వరుసగా గాలులు, పోర్టు వాళ్ల ఎర్రజెండాలు, బుకింగులు రద్దు. నెల నెలా కనీసం ఇంత కట్టండి అని బ్యాంకు అడిగినంతే కడుతూ వచ్చారు. ఈ మధ్య అదీ గడువు దాటి పడేసరికి వసూలు ఫోన్లు మొదలయ్యాయి. ఎంత కట్టినా బాకీ తరగలేదు. రెండు లక్షలు దాటి కూర్చుంది.

శ్రీలక్ష్మి పిల్లలకు వడ్డీ లెక్కలు చెబుతుంది. అసలు, రేటు, కాలం. మూడూ తెలిస్తే వడ్డీ తెలిసిపోతుందని బోర్డు మీద రాస్తుంది. తన ఇంటి లెక్క మాత్రం ఆమెకు అంతుపట్టలేదు. వడ్డీ మీద వడ్డీ, ఆలస్యానికి జరిమానా, ఆ జరిమానా మీద పన్ను. నెల తిరిగేసరికి అసలేదో వడ్డీ ఏదో కలిసిపోయి, ముద్దయిపోయి ఉంటుంది.

వసారాలో ఎండుచేపలు ఏరుతున్న యర్రమ్మ ఇంతసేపూ నోరు మెదపలేదు. ధనరాజు తల్లి ఆమె. మొగుడు కన్నారావు పోయాక మాటలు తగ్గించేసింది గానీ, చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి.

"ఎంత వడ్డీ రా?" అని అడిగింది లోపలికి చూడకుండా.

"నీకెందుకమ్మా అయన్నీ."

"ఎంతే లచ్చిమీ?"

శ్రీలక్ష్మి డబ్బా మూత వదిలేసింది. "మూడున్నర రూపాయలత్తా."

ఏరుతున్న చేయి ఆగింది.

"నూటికి నెలకా?"

"నెలకే."

"ఓలమ్మ! రెండ్రూపాయల వడ్డీ తీసుకున్నోడిని మీ మావ గుమ్మం తొక్కనిచ్చేవోడు కాడు. మూడున్నరా? గవర్నమెంటు ఉజ్జోగం సేసీదానికి అంత వడ్డీకి ఎవుడిచ్చినాడే?"

"బ్యాంకేనత్తా."

"బేంకా?" యర్రమ్మ కొడుకు వైపు చూసింది. "అప్పిచ్చినోడు ఎనకటికి అరుగు మీద కూసునీవోడు. ఆడి ముకం అగుపించేది. తిట్టినా బతిమాలినా ఎదురుగా ఉండీవోడు. ఈడి ముకం నువ్వెప్పుడైనా సూసినావా?"



మేడ మీది గదిలోంచి మణికుమార్ దిగివచ్చాడు. ధనరాజు తమ్ముడు. అబర్డీన్ బజార్‌లో టికెట్లు, హోటళ్లు బుక్ చేసే ఆఫీసులో పని. తెలుగు మాట్లాడతాడు గానీ చదవమంటే తడుముకుంటాడు. అతని మాటలో సగం హిందీ.

"వదినా, టెన్షన్ వద్దు. నేను రాత్రే చూసి పెట్టాను. ఇంకో బ్యాంకు కార్డు తీసుకుందాం."

శ్రీలక్ష్మి గట్టు మీది రెండు ముక్కలూ అతనికి చూపించింది.

"అరే, సునో తో, విను వదినా! కొనడానికి కాదు. ఈ కార్డు బాకీ ఎత్తి ఆ కార్డు మీదికి మారుస్తారు. బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అంటారు. కొన్ని నెలలు వడ్డీ ఉండదు, ఉన్నా చాలా తక్కువ."

"ఆ కొన్ని నెలలూ అయ్యాక?"

"ఆలోపు కట్టేస్తాం కదా."

"దేంతో?"

మణికుమార్ అన్న వైపు చూశాడు. అన్న పాల ప్యాకెట్ వైపు చూశాడు.

"కట్టలేకపోతే ఏమవుతుంది మణీ? అది చెప్పు."

"మళ్లీ మామూలు వడ్డీయే. మార్చినందుకు ముందే కొంచెం ఫీజు కూడా... థోడా సా."

"ఈ పడవలో నీల్లు తోడి ఆ పడవలో పోసినట్టుందిరా," అంది యర్రమ్మ.

"అమ్మా, నీకు తెలీదు. ఊపిరి పీల్చుకోవడానికి టైమ్ దొరుకుతుంది. అదే కావాలి మనకి."

ఆ మాటలో కూడా నిజం ఉంది. అదే శ్రీలక్ష్మిని తికమక పెట్టింది. ఎవరు చెప్పినా సగం నిజంగానే ఉంటోంది.

"సాయంత్రం మాట్లాడదాం. బస్సు పోతుంది," అని సంచి భుజాన వేసుకుంది. గుమ్మం దాటుతూ వెనక్కి చూస్తే ధనరాజు కార్డు ముక్కలు రెండూ పక్కపక్కన పెట్టి, అంచులు కలిపి చూస్తున్నాడు.

* * *

బడికి వెళ్లే ఫెరార్‌గంజ్ బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. వాన పడి వెలిసింది. రోడ్డు పక్క పోక చెట్లు నీళ్లు కారుస్తున్నాయి.

ఫోన్ మోగింది. తెలియని నంబర్. మామూలుగా అయితే ఎత్తేది కాదు. మళ్లీ బడికి చేస్తారేమోనని ఎత్తింది.

ఆడగొంతు. హిందీ. చాలా మెత్తగా ఉంది.

"దీదీ, మీరు బాగున్నారా?"

బాకీ వాళ్లు యోగక్షేమం అడగడం ఆమెకు కొత్త. ఏం చెప్పాలో తెలియక "ఆఁ" అంది.

"దీదీ, మీ పరిస్థితి నాకర్థమైంది. మీ కోసం పైవాళ్లతో మాట్లాడాను. ఒకేసారి సగం పైన కట్టేయండి, మిగతాది మాఫీ. సెటిల్‌మెంట్. ఇంకెవరూ మీకు ఫోన్ చెయ్యరు."

శ్రీలక్ష్మి గుండె ఒక్కసారి తేలికపడింది. సగం మాఫీ!

"నిన్న ఇంకొకాయన చేశాడు. బాకీ అంతా నెలవారీ వాయిదాలుగా మారుస్తామన్నాడు. వడ్డీ తగ్గుతుందన్నాడు. మరి అది?"

"అది వేరే డిపార్ట్‌మెంట్ దీదీ. మీ ఇష్టం. కానీ నా ఆఫర్ ఈ వారమే ఉంటుంది."

"ఆలోచించి చెబుతాను."

"ఆలోచించండి దీదీ. నేను మీ చెల్లెల్లాంటిదాన్ని."

ఫోన్ పెట్టేశాక కూడా ఆ చివరి మాట చెవిలో ఉండిపోయింది. చెల్లెలా? నిన్న బడికి చేసింది కూడా ఈ ఆఫీసే కదా. ఈమె మంచిదా, మంచిదానిలా మాట్లాడటానికి ఈమెకు జీతమా? మాఫీ అంటే నిజంగా మాఫీయేనా? ఎవరైనా ఊరికే ఎందుకు వదులుకుంటారు?

బస్సు కుదుపుకి తల కిటికీ చువ్వకి కొట్టుకుంది. ఆమెకు నొప్పి తెలియలేదు.

* * *

స్టాఫ్ రూమ్‌లో కమలాకుమారి ఒక్కతే ఉంది. ఆవిడది కాకినాడ వైపు. ఉద్యోగం మీద వచ్చి దీవుల్లోనే ఉండిపోయింది. భర్త వెంకటాచలం సెక్రటేరియట్‌లో పనిచేస్తాడు. డెలానీపూర్ క్వార్టర్స్‌లో కాపురం. శ్రీలక్ష్మి ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఏ సందేహం వచ్చినా ఆవిడ దగ్గరికే వెళ్లేది.

"నిన్నటి ఫోన్ సంగతి విన్నాను," అంది కమలాకుమారి, శ్రీలక్ష్మి నోరు విప్పకముందే. "దాచుకోకు. కూర్చో."

శ్రీలక్ష్మి అంతా చెప్పింది. కొత్త కార్డు, వాయిదాలు, మాఫీ. చెబుతుంటే తనకే అయోమయంగా ఉంది. ఒకదాని షరతు ఇంకోదానికి అంటిస్తోంది. రెండుసార్లు వెనక్కి వెళ్లి మళ్లీ చెప్పింది.

కమలాకుమారి చివరిదాకా విన్నది.

"ఆ సగం మాఫీ జోలికి మాత్రం పోకమ్మా. మాఫీ అంటారు గానీ, పూర్తిగా తీర్చలేదని నీ పేరు మీద మచ్చ ఉండిపోతుంది. రేపు ఇంటికో ఇంకో అవసరానికో అప్పు కావాలంటే ఏ బ్యాంకూ మొహం చూడదు. నీకు జీతముంది. నువ్వు దివాలా తీసినదానివి కాదు. అప్పుడే అంత దాకా ఎందుకు?"

"మరి ఏం చెయ్యను మేడమ్? ఏది చూసినా సరైనదే అనిపిస్తోంది, ఏది చూసినా భయమేస్తోంది."

"పేర్లన్నీ పక్కన పెట్టు. నీ అప్పు మూడున్నర రూపాయల వడ్డీ మీదుంది. రూపాయి వడ్డీ అప్పు ఎక్కడ దొరుకుతుందో చూడు. దాంతో దీన్ని తీర్చెయ్. తరువాత తీరిగ్గా దాన్ని కట్టుకో. మన ఉద్యోగుల సొసైటీ ఉంది కదా. రూపాయికి అటూ ఇటూగా ఇస్తారు. జీతంలోంచి వాళ్లే పట్టుకుంటారు."

శ్రీలక్ష్మికి కాళ్ల కింద నేల దొరికినట్టయింది. "సొసైటీలో ఇద్దరు ఉద్యోగులు హామీ సంతకం పెట్టాలి కదండీ. మన డ్రిల్ సార్, అదే, జెట్టీలో పడవలున్న బంగారురాజుగారి మేనల్లుడు, అడిగితే పెడతాడు. ఇంకొకరు..."



కమలాకుమారి బల్ల మీది సుద్దముక్కలు ఏరి డబ్బాలో వేయడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటీ వేస్తోంది. బయట పిల్లలు అరుస్తున్నారు.

"శ్రీలక్ష్మీ."

"చెప్పండి మేడమ్."

"నాలుగేళ్ల కిందట ఒకావిడకి పెట్టాను. ట్రాన్స్‌ఫర్ మీద మెయిన్‌ల్యాండ్ వెళ్లిపోయింది. బాకీ నా జీతంలో కోశారు. మా ఇంట్లో పెద్ద గొడవయింది. ఇంకెవరికీ పెట్టనని ఆయనకి మాటిచ్చాను."

"నేను ఎక్కడికి పోతానండీ? పుట్టిందే ఇక్కడ."

"తెలుసు. నువ్వు అలాంటిదానివి కావు. తెలుసు కాబట్టే ఈ మాట అనడానికి ఇంత కష్టంగా ఉంది."

గంట కొట్టారు. ఇద్దరూ లేవలేదు.

"పోనీ బంగారం లేదా?" అంది కమలాకుమారి చివరికి. "బ్యాంకులో తాకట్టు పెడితే అదే రోజు చేతికొస్తుంది. రూపాయి లోపే వడ్డీ. హామీలు అక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు."

శ్రీలక్ష్మి మెడలో పసుపుతాడు, రెండు పుస్తెలు తప్ప ఏమీ లేవు. ఉన్నదంతా ఇంటికి స్లాబు వేసినప్పుడే వెళ్లిపోయింది. ఇంట్లో ఇంకా బంగారం ఉన్నది ఒక్కరికే. యర్రమ్మ చేతుల మురుగులు. కన్నారావు వలలు లాగి, ఎండుచేపలు అమ్మి చేయించినవి. ఏ కష్టంలోనూ ఆమె వాటిని తీయలేదని వాడలో అందరికీ తెలుసు. సునామీ ఏడాది టెంటులో పడుకున్నప్పుడు కూడా అవి చేతికే ఉన్నాయట.

అత్తని ఆ మాట ఎలా అడగడం? కొడుకు ఇంజన్‌కి, కోడలి కార్డుకి ముసలామె చేతులు బోసిచేయడమా?

ఐదో తరగతికి వెళ్లి బోర్డు మీద లెక్క రాసింది. ఒక పిల్ల లేచి, "టీచర్, రేటు రాయడం మర్చిపోయారు" అంది.

* * *

దీవుల్లో పొద్దు తొందరగా వాలిపోతుంది. శ్రీలక్ష్మి జంగ్లీఘాట్‌లో తమ ఇంటి సందులోకి తిరిగేసరికే వీధి దీపాలు వెలిగాయి. మళ్లీ చినుకులు మొదలయ్యాయి.

ఇంట్లో యర్రమ్మ ఒక్కతే ఉంది. గది మధ్య చాప వేసుకుని కూర్చుంది. ఆమె చేతులు చూసి శ్రీలక్ష్మి సంచి భుజాన ఉండగానే నిలబడిపోయింది.

చేతులు బోసిగా ఉన్నాయి. మురుగులు ఉన్న చోట తెల్లగా చార.

"సబ్బు పెట్టి లాగినాను. వొచ్చీనాయి," అంది యర్రమ్మ, మామూలుగా. ఒళ్లో గుడ్డ మూట ఉంది. "కూకో."

"అత్తా, వద్దు. నేనడగలేదు."

"అడగలేదనే ఇత్తన్నాను. అడిగితే ఇచ్చీదాన్నో లేదో నాకూ తెల్దు." మూట కోడలి ముందు పెట్టింది. "బేంకులో ఎట్టీ. ఆ ముకం లేనోడి అప్పు తీర్చీ. ఈటి మీద వడ్డీ నువ్వు జీతంలోంచి కట్టుకో. ఇడిపించినప్పుడు ఇడిపిద్దువు గాని. కానైతే ఒక మాటుంది."

"ఏంటత్తా?"

"పడవ నీ పేరుకి రాయించమను ఆడిని."

శ్రీలక్ష్మి తెల్లబోయింది. "నా పేరుకా?"

"అప్పు నీ పేరునుంటే ఆస్తి ఆడి పేరునేటే? మీ మావ వలలన్నీ అమ్మీసి ఆ పడవ కొన్నాడు. కొడుకని ఆడి పేర రాసినాడు. తప్పు కాదు. ఇప్పుడు నువ్వు గదా దాన్ని మోత్తన్నావు."

వెనక అలికిడయింది. ధనరాజు తడిసిన చొక్కాతో గుమ్మంలో ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో.

"ఏటమ్మా, నా మీద నమ్మకం లేదా?" అన్నాడు.

"నమ్మకం మాట కాదురా. నాయం మాట."

"వాడలో అందరూ నవ్వుతారు. పెళ్లాం పేరు మీద పడవట, ఆడు నడుపుతాడట అని."

"మీ పెళ్లాం పేరు మీద అప్పుందంటే ఎవరూ నవ్వరా?" అంది శ్రీలక్ష్మి. తన గొంతు అంత గట్టిగా వస్తుందని ఆమె అనుకోలేదు. "నాకు పడవ వద్దండీ. నేను అడగలేదు. కానీ అత్త అడిగినదాంట్లో తప్పేంటో చెప్పండి."

ధనరాజు గోడకి జారగిలబడ్డాడు. మురుగుల మూట వైపు చూశాడు. తల్లి చేతుల వైపు మాత్రం చూడలేకపోయాడు.

"అమ్మా, అవి తొడుక్కో," అన్నాడు.

"ఏం?"

"తొడుక్కోమన్నాను కదా!"

అతని గొంతులో కోపం లేదు. భయం ఉంది. శ్రీలక్ష్మికి అర్థం కాలేదు. పొద్దున్నుంచి అప్పు తీర్చే దారి కోసం అందరూ తలలు బద్దలు కొట్టుకుంటుంటే, దారి ఎదురుగా వచ్చి కూర్చున్నాక ఈయన దాన్ని తోసేస్తాడేంటి?

అప్పుడే బయట గొడుగు మూసిన చప్పుడయింది.

"రాజూ, ఉన్నావా?"

బంగారురాజు. జెట్టీలో మూడు పడవల యజమాని. పెద్దమనిషి. నెమ్మదిగా మాట్లాడతాడు. ఆడవాళ్లను చూసి చెప్పులు దూరంగా విప్పి, వసారాలోనే నిలబడ్డాడు.

"బాగున్నావా అక్కా? టీచరమ్మా, నమస్తే. కూర్చోను, పనుంది. రాజూ, ఆ ఇంజన్ తాళం ఇచ్చెయ్. రేపు పొద్దున్న పోటు మీద పడవ ఒడ్డుకి లాగించేస్తాను. సీజన్‌కి ముందు అడుగున రంగు పడాలి కదా."



"ఎవుడి పడవ?" అంది యర్రమ్మ.

బంగారురాజు ధనరాజు వైపు చూశాడు. అతని ముఖంలో ఇబ్బంది కనిపించింది. "ఇంట్లో చెప్పలేదా రాజూ?"

ధనరాజు కాళ్ల వేళ్ల వైపు చూస్తూ చెప్పాడు. "అమ్మేశానమ్మా. మాటిచ్చేశాను. అడ్వాన్స్ తీసుకున్నాను."

"ఎప్పుడు?" అడిగింది శ్రీలక్ష్మి.

"వానలు మొదలైనప్పుడు."

"వానలు మొదలైనప్పుడా? ఆ అడ్వాన్స్ ఏదీ?"

"నెల నెలా నీ కార్డుకి కట్టిందదే."

శ్రీలక్ష్మి మనసులోనే లెక్క వేసుకుంది. వానల్లో పడవ కదలలేదు. టూరిస్టు మొహం లేదు. అయినా నెల నెలా కనీస బాకీ కట్టానని అతను చెబుతూనే ఉన్నాడు. డబ్బెక్కడిదని తను అడగలేదు. అడిగితే ఇంకో గొడవ అని ఊరుకుంది. కట్టిందంతా వడ్డీకే పోయింది. బాకీ ఎక్కడిదక్కడే ఉంది. మామ కొన్న పడవ ముక్కముక్కగా, నెలకో పలక చొప్పున, ఆ మొహం లేనివాడి నోట్లోకి వెళ్లిపోయింది.

"నువ్వు..." అంది శ్రీలక్ష్మి. పెళ్లయిన ఇన్నేళ్లలో భర్తని ఆమె అలా పిలవలేదు. "నువ్వు నాతో ఒక్క మాట చెప్పాల్సింది."

"చెబితే వద్దంటావు."

"అనేదాన్నే!"

"అందుకే."

బంగారురాజు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, నేను బలవంతం చేయలేదు. రాజే వచ్చి అడిగాడు. మిగతా డబ్బు రేపు ఇచ్చేస్తాను. దాంతో మీ బ్యాంకు బాకీ చాలామట్టుకు తీరుతుంది. రాజుకి పనికి లోటు లేదు. సీజన్‌లో ఆ పడవ మీద ఉండేది అతనే. నెల జీతం. అదీ మాట్లాడుకున్నాం."

"ఏ పడవ మీద?" యర్రమ్మ అంది.

"ఆ పడవే అక్కా. అతని చెయ్యి దానికి అలవాటు కదా."

యర్రమ్మ కొడుకు వైపు చూసింది. ఆ చూపు ఎంతసేపున్నా అతను తల ఎత్తలేదు. కన్నారావు కొడుకు, కన్నారావు కొన్న పడవ మీద, కూలికి.

"ఒద్దనుకుంటే?" అంది శ్రీలక్ష్మి. "అడ్వాన్స్ తిరిగిచ్చేస్తే?"

బంగారురాజు గొడుగు చేయి మార్చుకున్నాడు. "ఇస్తే తీసుకుంటానమ్మా. తగువు పడను. నాకు పడవలు లేకపోలేదు. రేపు పోటు ఎక్కేలోపు చెప్పండి."

యర్రమ్మ మూటని కోడలి ఒళ్లోకి తోసింది. "ఈటి మీద వొచ్చింది నీ ఇష్టం లచ్చిమీ. ఆ అప్పే తీర్చుకుంటావో, ఈయన అడ్వాన్సే ఇచ్చీసుకుంటావో. రెండిటికీ సాలవు. నాకు తెల్దు. నానింక సెప్పను."

శ్రీలక్ష్మికి కూడా తెలియదు. అడ్వాన్స్ తిరిగిస్తే పడవ నిలుస్తుంది, మూడున్నర రూపాయల వడ్డీ నిలుస్తుంది, దాని మీద బంగారం వడ్డీ కొత్తగా చేరుతుంది. బంగారంతో కార్డు తీరిస్తే పడవ పోతుంది, మురుగులూ పోతాయి, అప్పుడు పడవ అమ్మిన డబ్బు ఎందుకు? పడవ డబ్బుతోనే కార్డు తీరిస్తే మురుగులు అత్త చేతికి తిరిగి వస్తాయి. కానీ ఆ చేతులతోనే ఆమె రోజూ కొడుకుకి కూలి అన్నం కట్టివ్వాలి. ఎటు నుంచి మొదలుపెట్టినా లెక్క మధ్యలో చెదిరిపోతోంది.

తలుపు పక్క మేకుకి ఉన్న తాళం తనే తీసింది. బంగారురాజు చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

"రేపు పొద్దున్న నేనే జెట్టీకి వస్తాను బాబాయ్."

"తాళం పట్టుకునా తల్లీ, డబ్బు పట్టుకునా?"

ఆమె తాళాన్ని కొంగున ముడేసుకుంది. బంగారురాజు రెట్టించలేదు. చెప్పులు వేసుకుని గొడుగు విప్పాడు. వాన పెద్దదయింది.

"ఆగు బాబాయ్, నేనూ వస్తాను," అన్నాడు ధనరాజు.

శ్రీలక్ష్మి అడ్డం వెళ్లింది. "మీరెక్కడికి? ఇంకా మాట్లాడుకోవాల్సింది ఉంది."

అతను ఆమెను తప్పించుకుని మెట్టు దిగాడు. బంగారురాజు గొడుగు కింద సగం తడుస్తూ నిలబడి, అప్పుడు వెనక్కి తిరిగాడు. పొద్దున్నుంచి అతను ఆమె కళ్లలోకి చూడటం అదే మొదటిసారి.

"లక్ష్మీ, ఎవరినైనా పంపు. మణిని పంపు," అన్నాడు. "నువ్వు మాత్రం రేపు జెట్టీకి రావద్దు."

"ఏం? ఎందుకు రాకూడదు?"

బంగారురాజు తల పక్కకి తిప్పుకున్నాడు.

"రేపు ఆ పడవ లాగే కూలీల్లో నేనూ ఉంటాను," అని ధనరాజు ఇంకేదో చెప్పబోయాడు. తల్లి వైపు చూసి ఆగిపోయాడు. వానలో ఇద్దరూ సందు మలుపు తిరిగిపోయారు.